రక్తశుద్ధి – మనోనిబ్బరము

హైదరాబాదు నగరమునుండి ఉత్తరదిశగా రెండు పెద్దబాటలు పోవుచున్నవి. ఒకటి మేడ్చలు మీదుగా కామారెడ్డి, నిజామాబాదుల వైపునకు సాగు జాతీయ రహదారి. రెండవది శామీర్‌పేట మీదుగా సిద్దిపేట, కరీంనగరముల వైపునకు సాగు రాజీవ్ రహదారి. ఈ రెండు బాటల నడుమనున్న పల్లెలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడినవి. నేడు ఆ తోటలలో అనేకములు ఇండ్లస్థలములుగా మారినవి. తుర్కపల్లి ప్రాంతమున జీనోమ్ వ్యాలీ అను పేర టీకాలు, ఔషధములు తయారుచేయు పరిశ్రమలు వెలసినవి. 2016 అక్టోబరు 11వ తేదీన మేడ్చల్–మల్కాజిగిరి అను నూతన జిల్లా ఏర్పడినప్పుడు ఈ పల్లెలు అందు చేరినవి.

తెల్లవారుజామున ఈ బాటల ప్రక్కన నిలుచుండి చూచినచో బస్సులకొరకు ఎదురుచూచు జనము కనబడును. పాలకేనులవారు, ఆకుకూరల గంపలవారు, పరిశ్రమలలో మొదటి పాళీకి పోవు కార్మికులు, కళాశాల విద్యార్థులు. వారి నడుమ చేతిలో ఒక గుడ్డసంచి, అందులో ఒక దుప్పటి, నాలుగు ఇడ్లీలు, కాగితముల కట్ట పెట్టుకొని నిలుచున్నవారు ఒకరిద్దరుందురు. వారానికి రెండు మూడు మారులు అదే వేళకు, అదే బస్సుకు వచ్చెదరు. కండక్టరు వారిని ఎరుగును. ఎక్కడికని అడుగడు. వారు డయాలిసిస్‌కు పోవువారు.

మేము ఈ ప్రాంతమున అట్టివారితో కలిసి ప్రయాణము చేసితిమి. వారు మంచముమీద పడుకొనియున్న నాలుగు గంటలును ప్రక్కన కూర్చుండి వారి మాటలు వింటిమి. ఒక విషయము మాకు స్పష్టముగా తోచినది. యంత్రము రక్తమును శుభ్రపరచుటకు నాలుగు గంటలు చాలును. ఆ యంత్రముతో బ్రదుకవలెనను నిజమును మనస్సు అంగీకరించుటకు మాత్రము నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. శరీరమునకు చేయవలసిన చికిత్సను గూర్చి వైద్యులు చెప్పుదురు. మనస్సునకు పట్టు దెబ్బను గూర్చి చెప్పువారు తక్కువ. కనుక ఆ రెండవదానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఈ వ్యాధి స్వరూపమును కొంచెము తెలిసికొందము. శామీర్‌పేట పెద్దచెరువును చూడని వారు ఈ ప్రాంతమున ఉండరు. చెరువునకు వాగులనుండి నీరు వచ్చును. తూము తెరచినచో పొలములకు పోవును. అధికమైన నీరు మత్తడి దూకి పోవును. తూము పూడి, మత్తడి మూసికొనిపోయినచో ఏమగును? నీరు కట్టను త్రొక్కును. అడుగున చెత్త పేరుకొనును. మన దేహమున మూత్రపిండములు చేయునది తూము, మత్తడి చేయు పనియే. ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు కలవు. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందులో పనికివచ్చునదంతయు తిరిగి రక్తమునకు చేర్చి, మిగిలిన లీటరో లీటరున్నరో మూత్రముగా వెలికి పంపును. మధుమేహము, రక్తపుపోటు చిరకాలము అదుపు తప్పియుండుటచేతను, మరికొన్ని వ్యాధులచేతను ఈ వడపోత క్రమముగా చెడిపోవును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమునవలె, కారణము నేటికిని పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధియు మన తెలుగునాట కలదు. వ్యాధి తుదిదశకు వచ్చినప్పుడు నీరు ఒంటికి పట్టును. ఆయాసము కలుగును. అన్నము సహించదు. అప్పుడు వైద్యుడు డయాలిసిస్ అను మాట చెప్పును.

డయాలిసిస్ అనగా రక్తశుద్ధి. చేతి నరమునుండి రక్తమును గొట్టముద్వారా వెలికి తీసి, వెండ్రుకలవంటి సన్నని బోలుపోగులు వేలకొలది కూర్చిన ఒక గొట్టపు వడపోతగుండా నడిపింతురు. పోగుల లోపల రక్తము, వెలుపల శుద్ధజలముతో కలిపిన ఒక ద్రవము ఎదురెదురుగా పారును. రక్తములోని మలినములు పోగుల గోడలగుండా ద్రవములోనికి దాటును. శుభ్రమైన రక్తము తిరిగి దేహమును చేరును. సాధారణముగా ఇట్లు నాలుగు గంటలు, వారానికి మూడు మారులు జరుగవలెను. కొందరికి రెండు మారులే జరుగుచుండును. ఒక్కొక్క మారు యంత్రము వాడుకొను జలము సుమారు 120 లీటర్లు. దినమునకు ఒక చెంబెడు నీరు త్రాగుటకును లెక్కచూచుకొనవలసిన మనిషి ఆ యంత్రము ప్రక్కన పడుకొనియుండుట విధి వైచిత్ర్యమే.

ఈ యంత్రము పుట్టుక మానవుని పట్టుదలకు నిదర్శనము. రెండవ ప్రపంచయుద్ధకాలమున, శత్రువుల ఆక్రమణలోనున్న హాలెండు దేశమున విల్లెమ్ కోల్ఫ్ అను యువవైద్యుడు 1943లో కొయ్యబద్దల పీపాకు సెల్లోఫేను గొట్టము చుట్టి తొలి కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. మొదట చికిత్స చేసిన రోగులలో ఇంచుమించు అందరును మరణించిరి. 1945లో ఒక వృద్ధస్త్రీ స్పృహ తప్పిన స్థితినుండి కోలుకొని బ్రదికెను. అయినను ప్రతిమారును రక్తనాళమును కొత్తగా కోయవలసి వచ్చుటచే ఒకే రోగికి ఈ చికిత్సను మాటిమాటికి చేయుట సాధ్యము కాకుండెను. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతియందు శాశ్వతముగా నిలుచు టెఫ్లాన్ గొట్టమును అమర్చి ఆ చిక్కును విడదీసెను. 1966లో ధమనిని సిరతో కలిపి కుట్టు శస్త్రచికిత్స వెలువడినది. మన రోగుల ముంజేతిమీద త్రాడువలె ఉబ్బి కనబడు ఫిస్టులా అదియే. తొలిదినములలో యంత్రములు కొలది, రోగులు పెక్కురు. ఎవరికి చికిత్స చేయవలెను, ఎవరిని విడువవలెను అని నిర్ణయించుటకు సియాటిల్‌లో సాధారణ పౌరుల సంఘమొకటి కూర్చుండెడిది. నాటి రోగి ప్రశ్న “నాకు యంత్రము దొరకునా?” అనునది. నేడు మన ప్రాంతపు రోగి ప్రశ్న వేరు: “యంత్రము దొరికినది. ఇక నేను ఎట్లు బ్రదుకవలెను?”

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కదినమున రాదు. 1972లో అమెరికాలో రైష్మన్, లీవీ అను వైద్యులు 25 మంది డయాలిసిస్ రోగులను సంవత్సరములతరబడి పరిశీలించి, వారి మనస్సులు మూడు దశలగుండా నడచునని వ్రాసిరి. ఆ పరిశీలన వెలువడి ఏబది యేండ్లు దాటినను, మేము మేడ్చలు బాటమీద చూచినది దానికి దగ్గరగనే యున్నది.

మొదటిదశ ఊరట. డయాలిసిస్‌కు పూర్వము నెలలతరబడి వాంతులు, ఆయాసము, నిద్రలేమి అనుభవించినవానికి, నాలుగైదు మారులు రక్తశుద్ధి జరిగిన పిమ్మట ఊపిరి తేలికయగును. నోటికి రుచి తెలియును. చావు వాకిటివరకు వచ్చి మరలిపోయినట్లుండును. ఈ దశలో రోగి వైద్యులను, నర్సులను దేవతలుగా చూచును. ఇంటివారును సంతోషింతురు. “కొన్నాళ్లు చేయించుకొంటే పిండాలు మళ్లీ పనిచేస్తయి” అను ఆశ లోలోపల కదలాడుచుండును. హఠాత్తుగా వచ్చిన మూత్రపిండ వైఫల్యమున అట్లు కోలుకొనుట కలదు. చిరకాలవ్యాధి తుదిదశలో అట్టి ఆశ సాధారణముగా నిజము కాదు. ఈ భేదమును మొదటనే మృదువుగా, స్పష్టముగా చెప్పుట వైద్యుని విధి. చెప్పనిచో ఆ ఆశ విరిగిననాడు కలుగు దెబ్బ పెద్దది.

రెండవదశ ఆ విరుగుటయే. మూడు నెలలో ఆరు నెలలో గడచిన పిమ్మట, ఇది ముగిసిపోవు చికిత్స కాదని మనస్సునకు తెలియును. పనికి మరల పోవలెనని యత్నించినప్పుడు ఈ దశ తరచుగా తలయెత్తును. శామీర్‌పేట వైపు ఒక రైతు మాతో చెప్పిన మాట ఇది: “సారూ, దవఖానల పండుకున్న దినాలు మంచిగనే ఉంటి. ఇంటికొచ్చి పార పట్టినంక తెలిసింది, నేను పాత మనిషిని కానని.” ఈ దశలో కోపము వచ్చును. కోపము ఎవరిమీద? ఎక్కువగా అన్నము పెట్టు భార్యమీద, సూది గ్రుచ్చు నర్సుమీద, పరుగెత్తి ఆడుకొను పిల్లలమీద. కొందరు కోపపడరు, మౌనము వహింతురు. పెండ్లిండ్లకు పోవుట మానుదురు. ముంజేతి ఫిస్టులా కనబడకుండ ఎండకాలమునను పొడుగుచేతుల చొక్కా తొడుగుదురు. మరికొందరు వ్యాధినే కాదందురు. ఒకనాటి డయాలిసిస్ ఎగవేసి, “నాకేమీ కాలేదు, చూచితిరా” అని చూపింపజూతురు.

ఈ చివరిది మిక్కిలి అపాయకరమైనది. డయాలిసిస్ ఎగవేసినప్పుడు ఒంట నీరు పేరుకొని ఊపిరితిత్తులలో చేరవచ్చును. రక్తమున పొటాషియము అనునది పెరిగి, ఏ ముందుసూచనయు లేక గుండెను ఆపివేయవచ్చును. ఎగవేతను మొండితనమని తిట్టువారు పెక్కురు. అది చాలమారులు మొండితనము కాదు, అలసట. ఒక్కదినమైనను రోగి కాని మనిషిగా ఉండవలెనను కోరిక. ఆ కోరికను గుర్తించి మాటలాడినవాడే రోగిని తిరిగి యంత్రము వద్దకు తీసికొనిపోగలడు.

మూడవదశ సర్దుబాటు. ఇది గెలుపు కాదు, ఓటమియు కాదు. వర్షము రాని యేడు రైతు వరి మాని జొన్న వేసినట్లు, ఉన్న నీటికి తగిన పంట వేసికొనుట. ఈ దశకు వచ్చినవారును మధ్యమధ్య రెండవదశకు జారుచుందురు. తోటిరోగి మంచము ఒకనాడు ఖాళీగా కనబడినప్పుడు, ఫిస్టులా మూసికొనిపోయినప్పుడు, కుమార్తె పెండ్లి నిశ్చయమైనప్పుడు పాత దుఃఖము మరల పైకివచ్చును. అది వెనుకబాటు కాదు. మనస్సు నడక అట్టిది.

ఈ సర్దుబాటునకు అడ్డుపడు కష్టములలో మొదటిది దాహము. మూత్రము రాని రోగి త్రాగిన నీరంతయు తదుపరి డయాలిసిస్ వరకు ఒంటనే నిలుచును. కనుక వైద్యులు సాధారణముగా, ముందుదినము వచ్చిన మూత్రమునకు అరలీటరు కలిపి అంతమాత్రమే త్రాగుమందురు. అందులో చాయ, మజ్జిగ, పప్పుచారు అన్నియు లెక్కకు వచ్చును. వైశాఖమాసపు ఎండలో, అతిథి రాగానే చెంబుతో నీళ్లిచ్చు ఆచారము గల దేశమున ఇది ఎంత కఠినమో ఊహింపుడు. ఇక్కడ తెలిసికొనవలసిన కిటుకొకటి కలదు. దాహమును పుట్టించునది ఉప్పు. ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ, అంగడి మిక్చరు తిని నీరు త్రాగక నిగ్రహించుకొనుట ఎవరి తరము కాదు. నీటితో పోరాడుటకంటె ఉప్పుతో పోరాడుట సులువు. చిన్నగ్లాసుతో త్రాగుట, చిన్న మంచుముక్కను నోట ఉంచుకొని కరగనిచ్చుట, పుక్కిలించి ఉమియుట, దినపు నీటిని ఉదయమే ఒక సీసాలో కొలిచి పోసికొనుట మేము చూచిన రోగులు పాటించు ఉపాయములు. మధుమేహము కలవారికి చక్కెర అదుపులో నుండుటయు దాహమును తగ్గించును.

రెండవది తిండి. మనకు తిండి ఆకలి తీర్చునది మాత్రమే కాదు, బంధుత్వము. మంచముమీదనున్నవానిని చూడబోవువారు కొబ్బరిబొండమో, అరటిపండ్లో, బత్తాయిలో పట్టుకొని పోవుట మన మర్యాద. డయాలిసిస్ రోగికి ఆ మూడును పొటాషియము అధికముగా గలవి. ఇతరులకు అమృతమైన కొబ్బరినీరు అతనికి ప్రమాదకరము. పొటాషియము తక్కువగా గల పండ్లు లేకపోలేదు. ఆపిలు విషయమున వైద్యులు పరిమాణము చెప్పుదురు. ఈ ప్రాంతపు పేరును నిలిపిన ద్రాక్ష కూడ పరిమితముగా, కొలది పండ్లు, అనేకులకు అనుమతింపబడుచున్నది. తన తోటపండు తనకు పూర్తిగా దూరము కాలేదని తెలిసిన ఒక వృద్ధరైతు ముఖమున మేము చూచిన వెలుగు ఏ మందుబిళ్లయు తేలేనిది. కూరగాయలను ముక్కలుగా కోసి, ఎక్కువ నీట ఉడికించి, ఆ నీటిని పారబోసి వండినచో పొటాషియము కొంత తగ్గును. మాంసకృత్తుల విషయమున ఇంటివారు తికమకపడుదురు. డయాలిసిస్‌కు పూర్వము పప్పు, గ్రుడ్లు తగ్గించుమని చెప్పిన వైద్యుడే, డయాలిసిస్ మొదలైన పిమ్మట గ్రుడ్డు తెల్లసొన హెచ్చుగా తినుమనును. ఇందు విరోధము లేదు. యంత్రము మలినములతోపాటు దేహపోషకములను కొంత తీసికొనిపోవును గనుక ఆ నష్టము పూరింపవలెను.

పండుగనాడు ఏమి చేయవలెను? ఉగాది పచ్చడిని పూర్తిగా నిషేధించుటకంటె వైద్యునితో మాటలాడి, వ్రేలితో నాలుకకు తగులునంత పెట్టుట మేలు. బోనాలకు అందరితో కూర్చుండబెట్టి, అతనికి వీలైన వంట ఒకటి అందరికిని వండుట ఇంకను మేలు. రోగికి వేరుగా, మూలన, ఉప్పులేని కంచము పెట్టు ఇంట అతడు తినునది అవమానము. ఒక కూరయైనను ఇంటిల్లిపాదియు ఉప్పు తగ్గించి తినినచో అది వ్రతమగును. రక్తపుపోటు కుటుంబములలో వచ్చునది కనుక ఆ వ్రతఫలము తక్కినవారికిని దక్కును.

మూడవది ఇంట తన స్థానము. సంపాదించు పురుషుడు వారానికి మూడుదినములు మంచము పట్టును. డయాలిసిస్ అయిన నాటి సాయంత్రము నీరసముతో లేవలేడు. చాలమందికి దినకూలియో, కాపలాపనియో, డ్రైవరు ఉద్యోగమో ఊడిపోవును. “నా ఇంటికి నేనే బరువైన” అను మాటను మేము ఒక్కరినోట కాదు, పలువురినోట వింటిమి. స్త్రీ రోగి కష్టము మరియొక తీరు. ఆమెకు జబ్బు వచ్చినను పొయ్యి జబ్బుపడదు. డయాలిసిస్‌నుండి తిరిగి వచ్చి, కట్టు ఇంకను విప్పని చేతితో వంట చేయు ఇల్లాండ్రను చూచితిమి. వారిలో ఒకరు, “అక్కడ మంచం మీద నాలుగు గంటలే నాకు విశ్రాంతి” అని నవ్విరి. ఆ నవ్వునకు మేము మారుమాట పలుకలేకపోతిమి. భార్యాభర్తల దాంపత్యమున వచ్చు ఎడబాటును గూర్చి మాటలాడుటకు అందరును సిగ్గుపడుదురు. కోరిక తగ్గుట, అశక్తత ఈ వ్యాధిలో సాధారణము. దానికి కారణము ప్రేమలేమి కాదని దంపతులు ఇద్దరికిని వైద్యుడు చెప్పినచో ఎన్నియో అపోహలు తొలగును.

రోగితోపాటు రోగిని చూచుకొనువారి మనస్సు కూడ అలసిపోవును. ప్రతి డయాలిసిస్ కేంద్రపు వరండాలోను బల్లలమీద కొందరు కూర్చుండియుందురు. భార్యలు, తల్లులు, చదువు ఆపుకొన్న కొడుకులు. వారిని ఎవరును “నీవు ఎట్లున్నావు?” అని అడుగరు. వారికి జ్వరము వచ్చినను చెప్పుకొనరు. ఒక్కమారు విసుగుకొని, ఆ విసుగునకు పదిదినములు పశ్చాత్తాపపడుదురు. బంధువులు నిజముగా సహాయము చేయదలచినచో పండ్లబుట్ట తేనక్కరలేదు. నెలకు ఒక్క డయాలిసిస్‌కు రోగి వెంట తాము పోయి, ఆ ఇల్లాలిని ఒకపూట ఇంట నిద్రింపనిచ్చినచో చాలును. ఇరువదియైదు దినములు ఓదార్పు మాటలు చెప్పుటకంటె ఇది గొప్ప ఉపకారము.

దుఃఖమునకును మనోవ్యాధికిని భేదము తెలిసికొనుట అవసరము. కష్టము వచ్చినప్పుడు కన్నీరు సహజము. రెండు వారములకు మించి దేనియందును ఆసక్తి లేకుండుట, నిద్ర పూర్తిగా చెడుట, తాను నిరర్థకుడనని పదేపదే పలుకుట, చావును కోరుట, డయాలిసిస్ ఇక వద్దనుట మాత్రము కుంగుబాటు లక్షణములు కావచ్చును. డయాలిసిస్ రోగులలో సుమారు నలుగురైదుగురికి ఒకరు ఈ కుంగుబాటునకు లోనగుదురని ప్రపంచ దేశముల పరిశీలనలు కలిపి చూచినవారు తేల్చిరి. నీరసము, ఆకలిలేమి మూత్రపిండవ్యాధియందును ఉండును గనుక దీనిని గుర్తించుట కష్టము. గుర్తించినచో చికిత్స కలదు. మాటలతో చేయు చికిత్సయు కలదు, మూత్రపిండరోగికి తగిన మోతాదులో మందులును కలవు. పిచ్చివాండ్ర వైద్యుని వద్దకు ఎందుకు పోవలెనను సంకోచము విడువవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అను సహాయవాణికి 14416 అను సంఖ్యకు ఎవరైనను, ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడుదురు. రోగి చావు మాట ఎత్తినప్పుడు “ఛీ, అట్లనరాదు” అని నోరు మూయించుట తగదు. “నీకు అంత కష్టముగా ఉన్నదా? చెప్పుము” అని ప్రక్కన కూర్చుండి వినవలెను. పిమ్మట అతనిని ఒంటరిగా విడువక వైద్యునివద్దకు కొనిపోవలెను.

సర్దుబాటునకు తోడ్పడునవి ఏవి? మేము చూచినంతలో మొదటిది తెలివిడి. తన యంత్రమును, తన అంకెలను తెలిసికొన్న రోగికి భయము తగ్గును. తన పొడిబరువు ఎంత, రెండు డయాలిసిస్‌ల నడుమ ఎంత పెరిగినది, పొటాషియము ఎంత అని ఒక పుస్తకమున వ్రాసికొనువాడు రోగిమాత్రుడు కాడు, తన చికిత్సలో భాగస్వామి. ప్రతి ఉదయము ఫిస్టులామీద వ్రేళ్లు పెట్టి లోపలి జలదరింపును పరీక్షించుట, ఆ చేతికి రక్తపుపోటు పట్టీ కట్టనీయకుండుట, ఆ చేతితో బరువు మోయకుండుట అతని చేతిలోనున్న పనులు. అతని చేతిలో లేనివి అనేకము కలవు గనుక, ఉన్నవానిని అతనికే విడువవలెను. ఇంటివారు అన్నియు తామే చేసినచో ప్రేమయే సంకెల యగును.

రెండవది చిన్నదైనను ఒక పని. వారమునకు 168 గంటలు. యంత్రము తీసికొనునది 12 గంటలు. ప్రయాణమునకు, అలసటకు మరి కొన్ని తీసివేసినను, మిగిలినవి తక్కువ కావు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మంచముమీద ఉన్న నాలుగు గంటలలోనే తోటిరోగుల పింఛను దరఖాస్తులు వ్రాసిపెట్టుచుండుట చూచితిమి. ఒకామె ఎడమచేతికి సూదులుండగా కుడిచేతితో మనుమడి లెక్కల పుస్తకము దిద్దుచుండెను. మూడవది తోటిరోగి. పదేండ్లుగా డయాలిసిస్‌పై నున్న మనిషిని ఒకనిని చూచుట, కొత్తవానికి వేయి ఉపన్యాసములకంటె మేలు చేయును.

ఈ సందర్భమున జయప్రకాశ్ నారాయణ్ గారిని స్మరింపక తప్పదు. అత్యవసర పరిస్థితిలో నిర్బంధమునుండి 1975 నవంబరులో విడుదలయగునాటికి ఆయన మూత్రపిండములు చెడిపోయియుండెను. అటుపిమ్మట 1979 అక్టోబరు 8న మరణించువరకు ఆయన డయాలిసిస్‌మీదనే జీవించెను. అట్లు యంత్రమునకు కట్టుబడియుండియే, 1977లో ప్రతిపక్షములను ఒక్కటిగా చేర్చి, జనతాపార్టీ ఏర్పడుటకును, ఢిల్లీలో ప్రభుత్వము మారుటకును మూలపురుషుడాయెను. ఇటీవలికాలమున, తెలంగాణమువారు చిన్నమ్మగా ఎరిగిన సుష్మా స్వరాజ్ గారు విదేశాంగమంత్రిగా ఉండియే, 2016 నవంబరులో తాను డయాలిసిస్‌పై నున్నానని దాచక ప్రజలకు స్వయముగా తెలిపిరి. ఆ డిసెంబరులో మూత్రపిండ మార్పిడి జరిగిన పిమ్మట తిరిగి పదవీబాధ్యతలు నిర్వహించిరి. వీరికున్న వసతులు మన రైతునకు లేవు, నిజమే. దాచకుండుట అను ధైర్యమునకు మాత్రము ధనము అక్కరలేదు.

వసతుల మాట వచ్చినది గనుక రెండు మాటలు. ధనభయము తీరనిదే మనస్సు కుదుటపడదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము డయాలిసిస్ భారమును పేదకుటుంబములనుండి తొలగించినది. తెలంగాణమున అది నేటికిని కొనసాగుచున్నది. జాతీయ డయాలిసిస్ కార్యక్రమమును కేంద్రము 2016లో ప్రకటించినది. ఒకప్పుడు నగరములోని పెద్ద ఆసుపత్రులకే పరిమితమైన యంత్రములు క్రమముగా జిల్లాలకును, చిన్న పట్టణములకును చేరినవి. 2023 డిసెంబరునుండి తెలంగాణమున ఆర్టీసీ సాధారణ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు గనుక, భర్త వెంట పోవు భార్యకు ఆ ఖర్చు తగ్గినది. డయాలిసిస్ రోగులకు వర్తించు పింఛను, బస్సు పాసు వంటి సౌకర్యములను గూర్చి కేంద్రములోని సిబ్బందిని అడిగి తెలిసికొనవలెను. అడుగుట యాచన కాదు, హక్కు.

యంత్రము వద్దకు పోలేనివారికి, కడుపులో అమర్చిన గొట్టముద్వారా ఇంటివద్దనే ద్రవమును మార్చుకొను పద్ధతియు కలదు. పరిశుభ్రత పాటింపగలవారు దానిని గూర్చి వైద్యుని అడుగవచ్చును. మూత్రపిండ మార్పిడి తగినవారికి ఉత్తమమైన మార్గము. 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మన దేశపు తొలి విజయవంతమైన మార్పిడి జరిగినది. నేడు మెదడు మరణించినవారి అవయవములను జీవన్‌దాన్ కార్యక్రమముద్వారా వరుసక్రమమున కేటాయించుచున్నారు. జీవించియుండి మూత్రపిండము ఇచ్చువారిలో మన దేశమున స్త్రీలే అధికులు, పుచ్చుకొనువారిలో పురుషులే అధికులు. ఇది మనము ఆలోచింపవలసిన విషయము. ఇక రోగి విషయము: పేరు నమోదు చేసికొని ఎదురుచూచుట మంచిదే. ఫోను మ్రోగునాటికి బ్రదుకును వాయిదా వేయుట మాత్రము మంచిది కాదు. కూతురి చదువు, ఇంటి మరమ్మతు, పోవలసిన యాత్ర, చెప్పవలసిన మాట నేటివే కాని రేపటివి కావు. ఊరు విడిచి పోవలసినప్పుడు, అచ్చటి కేంద్రముతో ముందుగా మాటలాడి ఏర్పాటు చేసికొని పోవువారును కలరు.

మన చెరువులక్రింద పూర్వము నీరటికాండ్రు ఉండెడివారు. చెరువు నిండినను, సగమే యున్నను, తూము ఎంత ఎత్తవలెను, ఏ పొలమునకు ఎంత వంతు పారవలెను అని చూచువాడు నీరటికాడు. వర్షము అతని చేతిలో లేదు. చెరువు అతని సొత్తు కాదు. ఉన్న నీటిని ఎరిగి పంచుటయే అతని విద్య. కఱవుకాలముననే ఊరు అతని విలువ ఎరిగెడిది.

మేడ్చలు బస్సులో మేము ఎరిగిన ఆ గుడ్డసంచివారు నేడు తమ దేహమునకు తామే నీరటికాండ్రయిరి. వారిని జాలితో చూడనక్కరలేదు. ప్రక్కన చోటిచ్చి, “ఈరోజు ఎట్లున్నది?” అని అడిగి, జవాబు చెప్పునంతవరకు విన్నచో చాలును.